3, 4, 5 తరగతులు పక్క ఊరికి మార్చారు, ఉన్న రోజులు సెలవులకి పోతున్నాయి. ఎవరికి రాయాలి?

కాలవగట్టు
ఏపీలో మా ఊరి ప్రైమరీ స్కూల్లో 1, 2 తరగతులు మాత్రం ఉంచి 3, 4, 5 పిల్లల్ని పక్క ఊరి మోడల్ ప్రైమరీలో చేర్చమంటున్నారు. కాగితం మీద దూరం 900 మీటర్లు. కాలవ మీద వంతెన ఊరికి ఆ చివరెక్కడో ఉంది. అటు తిరిగి పోతే కిలోమీటరున్నరకి తగ్గదు, మధ్యలో లారీలు తిరిగే రోడ్డు దాటాలి. బడి కమిటీ ఒప్పుకుందని చెప్తున్నారు. కమిటీలో ఉన్నవాళ్లని అడిగితే మీటింగుకి వచ్చినట్టు సంతకం పెట్టామే తప్ప ఇంకేం తెలీదంటున్నారు. దీనికి తోడు వానకి సెలవు, ట్రైనింగుకి సెలవు, దసరా సెలవులేమో రెండు రోజులు ముందుకి జరిపారు. కూలికి పోయేవాళ్లకి పొద్దున ఏడింటికి ఇవాళ బడి లేదని తెలిస్తే పిల్లని ఎవరి దగ్గర వదలాలి? ఎవరికి రాయాలి, ఏమని రాయాలి, రాస్తే పని జరుగుతుందా?

చింతతోపు
సంతకం సంగతి ముందు తేల్చుకోండి. మిగతావన్నీ దాని తర్వాతే.

దూరంకొలత
ఆ 900 మీటర్లు మ్యాప్ మీద గీత గీసి తీసింది అయ్యుంటుంది. విద్యాహక్కు చట్టం కింద కేంద్రం ఇచ్చిన నమూనా నిబంధనల్లో ఉన్నది నడక దూరం. 1 నుంచి 5 తరగతులకి కిలోమీటరు, 6 నుంచి 8కి 3 కిలోమీటర్లు. వాటిలోనే ఇంకో మాట ఉంది, ఎవరూ వాడుకోరు: వరద, రోడ్డు లేకపోవడం, దారిలో చిన్నపిల్లలకి ప్రమాదం ఉన్నచోట ఆ దూరాన్ని ఇంకా తగ్గించి బడి పెట్టాలి. మీ కాలవ, మీ లారీల రోడ్డు రెండూ దీని కిందికే వస్తాయి.

కొలిచేటప్పుడు రామాలయం దగ్గర మొదలుపెట్టకండి. బడి ఈడు పిల్లలున్న ఊరి చివరి ఇంటి గుమ్మం నుంచి కొత్త బడి గేటు దాకా నడుస్తూ ఫోన్‌లో ట్రాక్ రికార్డ్ చెయ్యండి. యాప్ చెప్పే దూరాన్ని నమ్మొద్దు, గట్టు మీది కాలిబాటలు అందులో ఉండవు. ఒక్కోసారి లేని దారి కూడా చూపిస్తుంది. వంతెన, రోడ్డు దాటే చోటు, పిట్టగోడ లేని కాలవ అంచు, వీటి ఫోటోలు తేదీ, లొకేషన్ పడేలా తీసి దరఖాస్తుకి జత చెయ్యండి. వీడియో పంపితే ఆఫీసులో ఎవరూ తెరవరు. ప్రింట్ తీసిన ఫోటో ఫైల్లో ఉండిపోతుంది.

బోర్డు_సుద్ద
బాధ అర్థమైంది. కానీ ఒక టీచరు, ఐదు తరగతులు, పన్నెండు మంది పిల్లలు ఉన్న బడి ఎలా నడుస్తుందో కూడా ఆలోచించండి. 1, 2 తరగతులకి తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు. 3, 4, 5కి వాటికి తోడు పరిసరాల విజ్ఞానం. మొత్తం 18 సబ్జెక్టులు. రోజుకి 8 పీరియడ్లు అనుకుంటే ఒక్కోదానికి అర పీరియడ్ కూడా రాదు. 1వ తరగతికి అక్షరాలు దిద్దిస్తుంటే 5వ తరగతి భాగహారం తప్పు చేసుకుంటూ కూర్చుంటుంది. ఆ టీచరుకి జ్వరం వస్తే క్లస్టర్ నుంచి ఎవరినైనా పంపాలి, లేకపోతే తాళమే. మోడల్ ప్రైమరీలో 60 మంది దాటితే తరగతికో టీచరు. 4వ తరగతి పాపకి ఒక టీచరు పొద్దంతా దొరకడం చిన్న సంగతి కాదు.

పెన్నఒడ్డు
@బోర్డు_సుద్ద చట్టం షెడ్యూల్‌లో 60 మంది దాకా ఇద్దరు టీచర్లు అని ఉంది. ఒక్కరు అనే మాట అందులో ఎక్కడా లేదు. 20 మంది లోపు బడికి ఒక్క ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచరు) చాలని మనవాళ్లే ఖాయం చేశారు. ముందు రెండో టీచరుని తీసేసి, తర్వాత ఏకోపాధ్యాయ బడిలో చదువు రాదు కాబట్టి కలిపేస్తాం అంటే ఎలా? ఊరివాళ్లు అడగాల్సింది ఆ రెండో టీచరుని.

బోర్డు_సుద్ద
రెండో టీచరు విషయంలో మీ మాటకి ఎదురు లేదు. ఇద్దరున్నా ఐదు తరగతులకి చాలరన్నదే నేను చెప్పేది. దూరం, ప్రమాదం ఉన్నచోట కలపొద్దు. దారి బాగుండి అర కిలోమీటరు లోపు రెండు బడులుంటే కలపడమే పిల్లలకి మేలు. అన్నీ ఒకే గాటన కట్టేసి వద్దంటే నిజంగా ఇబ్బందున్న ఊరి మాట కూడా ఎవరూ వినరు.

పాతజీవో
కాలవగట్టు గారూ, దరఖాస్తులో జీవో 117 పేరు రాయకండి. ఎంఈవో (మండల విద్యాశాఖాధికారి) ఆఫీసులో చాలా అర్జీలు దాంతోనే పక్కకి పోతున్నాయి.

ఆ జీవో 2022 జూన్ 10ది. 3, 4, 5 తరగతుల్ని హైస్కూళ్లలోకి తీసుకెళ్లి సబ్జెక్టు టీచర్లతో చెప్పించాలన్నది దాని ఉద్దేశం. ఆ ఏడాది బడులు జులై 5న తెరిచారు, తెరిచీ తెరవగానే ఊళ్లలో బడి గేట్ల ముందు ధర్నాలు. ఎనిమిదేళ్ల పిల్లలు పదో తరగతి వాళ్ల బెంచీల మీద కాళ్లు నేలకి అందక వేలాడేస్తూ కూర్చున్నారు. హైస్కూల్ టీచరుకి చిన్నపిల్లలకి అక్షరం దిద్దించే అలవాటు ఉండదు, గంట కొట్టగానే తర్వాతి క్లాసుకి వెళ్లిపోతారు. 2025 మేలో దాన్ని రద్దు చేసి 19, 20, 21 జీవోలు ఇచ్చారు. ఇప్పుడున్నవి తొమ్మిది రకాల బడులు. మీ ఊళ్లో మిగిలిన 1, 2 తరగతుల బడి ఫౌండేషన్ స్కూల్, పక్క ఊరిది మోడల్ ప్రైమరీ. 1 నుంచి 5 దాకా ఉంచి మోడల్ కానిది బేసిక్ ప్రైమరీ. కాబట్టి మీరు అడగాల్సింది ఒకే వాక్యం: మా బడిని 1-5 తరగతులతో బేసిక్ ప్రైమరీగా కొనసాగించండి. విలీనం రద్దు చెయ్యండి అని ఊరికే రాస్తే ఏ ఖానాలో పెట్టాలో వాళ్లకే తెలీదు.

చింతతోపు
ఈ చివరి ముక్క బంగారం.

ఓరుగల్లు_కోట
మా తెలంగాణ దిక్కు విలీనం అన్న మాట తక్కువ వినిపిస్తది. పిల్లలు లేకుంటే జీరో ఎన్‌రోల్‌మెంట్ అని రాసి టీచర్‌ని వేరే బడికి డిప్యుటేషన్ మీద పంపుతరు. బడి పేరు రికార్డుల ఉంటది, తాళం గేటుకు ఉంటది. మళ్ల పది మంది పిల్లలు దొరికినా టీచర్ ఉండడు, టీచర్ లేడని పిల్లలు రారు. ఆ బడి మళ్ల తెరవాల్నంటే జూన్‌ల బడిబాట (పిల్లలను బడిల చేర్పించే కార్యక్రమం) అప్పుడే పిల్లల పేర్లు, ఆధార్లు, తల్లిదండ్రుల సంతకాలతోని జాబితా చేసి ఎంఈవోకు, డీఈవోకు (జిల్లా విద్యాశాఖాధికారి) ఇయ్యాలె. జులై దాటితే ఎవరి పిల్లలు వాళ్లు ఎక్కడో కాడ చేరిపోతరు, జాబితాకు విలువ ఉండదు.

మినిట్స్_బుక్కు
సంతకం గురించి. పాఠశాల యాజమాన్య కమిటీ అనేది విద్యాహక్కు చట్టంలోని 21వ సెక్షన్ కింద ఏర్పడేది. నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, మొత్తంలో సగం మంది మహిళలు ఉండాలి. ఏపీలో తరగతికి ముగ్గురు చొప్పున ఎన్నుకుంటారు, అంటే 1-5 బడికి 15 మంది తల్లిదండ్రులు. వాళ్లలో సగం మంది కూడా లేకుండా రాసుకున్న తీర్మానాన్ని తీర్మానం అనడానికి లేదు.

ఎక్కడ దెబ్బ తింటారంటే, మీటింగ్ మొదట్లోనే రిజిస్టర్ తిప్పి హాజరు సంతకాలు తీసుకుంటారు. పైన సగం పేజీ ఖాళీగా ఉంటుంది. తీర్మానం ఆ ఖాళీలో తర్వాత రాస్తారు. కొన్నిచోట్ల కావాలనే, ఎక్కువచోట్ల హెడ్మాస్టరుకి ఆ పూట తీరిక లేక. రెండింటి ఫలితం ఒకటే. అందుకని హాజరు ఒక పేజీలో, తీర్మానం ఇంకో పేజీలో ఉండాలని పట్టుబట్టండి. తీర్మానం చదివి వినిపించాక, ఆఖరి వాక్యం కిందే గీత కొట్టించి, ఆ గీత కింద సంతకం పెట్టండి. వేలిముద్ర వేసేవాళ్లుంటే పక్కన వాళ్ల పేరు, చదివి వినిపించిన మనిషి పేరు రాయించండి. వెంటనే ఫోన్‌తో పేజీ ఫోటో. మనం ఒప్పుకోకపోతే సంతకం మానేసి వెళ్లిపోకూడదు, "నేను అంగీకరించడం లేదు" అని రాసి సంతకం పెట్టాలి. ఊరికే వెళ్లిపోతే రానివాళ్ల లెక్కలో పడతాం.

ఇప్పుడు మీరు చెయ్యాల్సింది, ఆ పేజీ నకలు సంపాదించడం. హెడ్మాస్టరుని అడగండి, ఇస్తే సరే. లేదంటే సమాచార హక్కు.

పదిరూపాయలు
సమాచార హక్కు దరఖాస్తుకి అన్నిచోట్లా పది రూపాయలు అనుకుంటారు. మన రెండు రాష్ట్రాల్లో గ్రామ స్థాయి ఆఫీసుకి ఫీజు లేదు, మండల స్థాయికి 5, ఆపైన 10. తెల్ల రేషన్ కార్డు వాళ్లు దాని నకలు జతచేస్తే అసలు కట్టక్కర్లేదు. డబ్బులిస్తే రసీదు లేకుండా కదలొద్దు.

ఎందుకు కలిపారు అని అడిగితే జవాబు రాదు. ఆ చట్టం కింద ఇచ్చేది కాగితాలు, కారణాలు కాదు. ఇలా అడగండి: ఫలానా పాఠశాల నుంచి 3, 4, 5 తరగతుల మార్పుకి సంబంధించిన కమిటీ తీర్మానం నకలు, ఆ రోజు హాజరు పేజీ నకలు, రెండు బడుల మధ్య దూరం కొలిచిన నివేదిక నకలు, కొలిచిన అధికారి హోదా, కొలిచిన తేదీ, మార్పు ఉత్తర్వు నకలు. ఐదారు ముక్కలు, అంతే. 30 రోజుల్లో ఇవ్వాలి. రాకపోతే ఆపై 30 రోజుల్లోపు మొదటి అప్పీలు. ఈ గడువు దాటబెట్టుకునేవాళ్లే ఎక్కువ.

కాలవగట్టు
దూరం కొలిచిన నివేదిక అడగొచ్చని తెలీదు. రేపే ఇస్తాను. దరఖాస్తు ఎలా రాయాలో కూడా ఎవరైనా చూపిస్తే ఊళ్లో మిగతావాళ్లతో సంతకాలు పెట్టిస్తాను. మా పక్క ఊరిదీ ఇదే కష్టం.

పాతజీవో
ఇలా రాయండి, అర పేజీ దాటనివ్వకండి:

"జిల్లా విద్యాశాఖాధికారి గారికి, మండల విద్యాశాఖాధికారి గారి ద్వారా. విషయం: మా గ్రామ పాఠశాలను 1-5 తరగతులతో బేసిక్ ప్రైమరీగా కొనసాగించమని వినతి. మా గ్రామంలో 3, 4, 5 తరగతుల విద్యార్థులు ఇంతమంది ఉన్నారు, జాబితా జతచేశాము. మార్చిన పాఠశాలకు నడక దూరం ఇన్ని మీటర్లు, కొలత వివరాలు, ఫోటోలు జతచేశాము. దారిలో కాలువ, భారీ వాహనాలు తిరిగే రోడ్డు ఉన్నాయి. కమిటీ తీర్మానానికి మా అంగీకారం లేదు. విద్యాహక్కు చట్టం 32వ సెక్షన్ కింద దీనిని ఫిర్యాదుగా స్వీకరించి విచారణ జరపవలసిందిగా కోరుతున్నాము."

32వ సెక్షన్ అన్న ముక్క వదలొద్దు. దాని కింద ఫిర్యాదు చేస్తే స్థానిక సంస్థ మూడు నెలల్లో తేల్చాలి, అందుకే ఒక కాపీ మండల పరిషత్‌కి కూడా ఇవ్వండి. తేల్చినదానితో తృప్తి లేకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కి అప్పీలు పోతుంది. మామూలు వినతిపత్రానికి ఈ దారి లేదు. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి.

గోదారి_గాలి
కోర్టుకి వెళ్తే?

పదిరూపాయలు
వెళ్లొచ్చు, కానీ చేతిలో కాగితాలుండాలి. ఉత్తరప్రదేశ్‌లో 2025లో 50 మంది లోపు బడుల్ని పక్క బడులతో కలిపితే సీతాపూర్ తల్లిదండ్రులు అలహాబాద్ హైకోర్టుకి వెళ్లారు. సింగిల్ జడ్జి దగ్గర కొట్టేశారు, డివిజన్ బెంచ్ ఆ జిల్లా వరకు యథాతథ స్థితి ఇచ్చింది. తర్వాత ఆ ప్రభుత్వమే కిలోమీటరు దాటినవి, 50 మంది పైన ఉన్నవి కలపం అంది. అక్కడా మాట తిరిగింది దూరం, సంఖ్య మీదే.

సెలవుల_లెక్క
కలపడం గురించి అందరూ చెప్పారు, క్యాలెండర్ గురించి ఎవరూ ఎత్తుకోలేదు. ఏపీలో 2025-26 విద్యా సంవత్సరం జూన్ 12 నుంచి ఏప్రిల్ 23 దాకా. మొత్తం 316 రోజులు. అందులో 233 పనిదినాలు, 83 సెలవులు. చట్టం ప్రకారం 1-5 తరగతులకి 200, 6-8కి 220 పనిదినాలు ఉండాలి. అంటే ఆరో తరగతి పైన పిల్లలకి చేతిలో ఉన్న వెసులుబాటు 13 రోజులే. 2025 అక్టోబరులో మొంథా తుఫానుకి కోస్తాలో మూడు రోజులు, కొన్ని జిల్లాల్లో ఇంకా ఎక్కువ పోయాయి. దసరా సెలవులు 24న మొదలవ్వాల్సింది 22 నుంచి ఇచ్చారు, ఇంకో రెండు. జులై, ఆగస్టు వానలకి రెండు మూడు. అంటే 13లో సగం పైనే కరిగిపోయాయి. ఇలాగే పోతే చట్టాన్ని మీరడమే.

లెక్కలమాస్టారు
@సెలవుల_లెక్క రోజులు సరే, గంటలు కూడా చూడాలి. చట్టంలో 1-5కి ఏడాదికి 800 గంటలు, 6-8కి 1000 గంటలు. రోజులతో భాగిస్తే ప్రైమరీకి రోజుకి 4 గంటలు, పైతరగతులకి నాలుగున్నర గంటల మీద కొంచెం. మార్చిలో మొదలయ్యే ఒంటిపూట బడి 8 నుంచి 12.30 అనుకుంటే విరామం పోను నాలుగుంబావు. ప్రైమరీకి సరిపోతుంది, 6-8కి రోజుకి పావుగంట పైన తగ్గుతుంది. మామూలు రోజుల్లో బోజనాల గంట పోను ఆరు గంటల దాకా జరుగుతుంది కాబట్టి ఏడాది మొత్తం మీద 1000 గంటలు ఎక్కడా తగ్గవు. ఇక కాలవగట్టు గారి పాప ప్రైమరీలోనే, ఆ తరగతులకి 200 రోజులే, 33 రోజుల వెసులుబాటు ఉంది. చట్టం మీరారని రాస్తే ఈ లెక్క చూపించి ఫైలు మూసేస్తారు. అడగాల్సింది వేరే: పోయిన రోజుకి బదులు ఏ రోజు, ముందే చెప్పమనండి.

పెన్నఒడ్డు
లెక్కలమాస్టారు వచ్చారంటే అందరం నోటుపుస్తకం తీయాల్సిందే.

సెలవుల_లెక్క
ఒప్పుకుంటున్నాను, ప్రైమరీకి చట్టం మీరినట్టు కాదు. అయినా గంటలు కాగితం మీదివి. తెరిచిన రోజు టీచరు క్లాసులో ఉన్నారా అన్నది అందులో తెలీదు.

ఓరుగల్లు_కోట
దానికి మా దగ్గరి ఉదాహరణే ఉన్నది. 2024 నవంబర్ 6 నుంచి ఇంటింటి కుటుంబ సర్వేకు ఎస్జీటీలను, ప్రైమరీ హెడ్మాస్టర్లను పంపి ప్రైమరీ బడులు ఒంటి గంట దాకనే నడిపిన్రు, సుమారు మూడు వారాలు. క్యాలెండర్ల అవి పనిదినాలే. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్‌ల టీచర్లను చదువు కాని పనికి పంపే మినహాయింపులు మూడే: పదేండ్లకోసారి జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు. రాష్ట్ర సర్వే అండ్ల లేదు. ముందుంది జనగణన, అది మినహాయింపుల ఉంది కాబట్టి పంపొద్దు అనలేం. పొద్దున బడి అయినంక పంపుండ్రి, ఒక బడిల అందరిని ఒక్కసారే తీయకుండ్రి అని కమిటీ తీర్మానం చేసి ముందే ఎంఈవోకు ఇస్తే పనికొస్తది. డ్యూటీ ఆర్డర్లు వచ్చినంక మొత్తుకుంటే మార్చరు.

తీరం_తుఫాను
పొద్దున ఏడింటికి సెలవు తెలిసే సంగతి. వాన సెలవు కలెక్టర్ ఇస్తారు. వాతావరణ శాఖ సాయంత్రం బులెటిన్ చూశాక ఉత్తర్వు రాత్రికి వస్తుంది, కొన్నిసార్లు తెల్లవారుజామున. ఉత్తర్వులో చూడాల్సినవి: జిల్లా మొత్తమా, కొన్ని మండలాలకేనా, అంగన్‌వాడీలకి కూడానా. పాత సంవత్సరం ఉత్తర్వులు తేదీ కత్తిరించి వాట్సాప్‌లో తిరుగుతుంటాయి. ఆర్సీ నంబరు (ఉత్తర్వు నంబరు), తేదీ లేని ఫోటోని నమ్మొద్దు, జిల్లా సమాచార శాఖ నోట్‌లో సరిచూసుకోండి.

హెడ్మాస్టరుతో మాట్లాడి తరగతికో వాట్సాప్ గ్రూపు, అడ్మిన్ మాత్రమే పోస్ట్ చేసేలా పెట్టించండి. గుడ్ మార్నింగ్ ఫోటోల కింద సెలవు కబురు కొట్టుకుపోతుంది. స్మార్ట్‌ఫోన్ లేని ఇళ్లకి పంచాయతీ మైకే దిక్కు. రాత్రి 8 గంటలకి ఒకసారి, పొద్దున 6కి ఒకసారి చెప్పమని సర్పంచికి కమిటీ లెటర్ ఇస్తే సరిపోతుంది, ఖర్చు లేదు.

వంటపొయ్యి
బదులు రోజు గురించి అందరూ మర్చిపోయేది అన్నం. రెండో శనివారం బడి పెడతారు, వంట చేసేవాళ్లకి చెప్పరు. గుడ్లు రోజు లెక్కన వస్తాయి, బియ్యం ఇండెంట్‌లో ఆ రోజు ఉండదు. మధ్యాహ్నం పిల్లలు ఆకలితో ఇంటికి పోతారు, మళ్లీ వచ్చే రెండో శనివారం సగం మంది రారు. అందుకే బదులు రోజు నోటీసులోనే బోజనం ఉందని రాయించాలి.

2015 మధ్యాహ్న బోజన నిబంధనల్లో ఉంది: బియ్యం, వంట ఖర్చు, గ్యాసు, వంటమనిషి, వీటిలో ఏది లేక ఏ బడి రోజున బోజనం పెట్టకపోయినా ఆ రోజు బియ్యం, వంట ఖర్చు భత్యంగా తర్వాతి నెల 15 లోపు ఇవ్వాలి. వరసగా మూడు రోజులు, లేదా నెలలో ఐదు రోజులు పెట్టకపోతే బాధ్యులెవరో తేల్చాలి. 1-5 పిల్లకి రోజుకి బియ్యం 100 గ్రాములు, 6-8కి 150. కమిటీ నెలకోసారి బోజనం రిజిస్టరూ హాజరు రిజిస్టరూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎన్ని రోజులు పోయాయో తెలిసిపోతుంది.

కలిపినప్పుడు ఇంకో ఇబ్బంది. 25 మంది దాకా ఒక వంటమనిషి, 26 నుంచి 100 దాకా ఇద్దరు. మీ ఊరి బడి 25 కిందికి పడితే ఒకరి పని పోతుంది. అటు వెళ్లిన పిల్లలతో అక్కడ 100 దాటితే మూడో మనిషిని అడగాలి, అడక్కపోతే ఎవరూ ఇవ్వరు. పనిపోయిన ఆవిడనే అక్కడ పెట్టుకోమని ఒకే తీర్మానంలో రాయండి.

కాలవగట్టు
మా ఊరి బడిలో వంట చేసే ఆవిడ అదే అడుగుతోంది. ఇది కూడా దరఖాస్తులో పెట్టొచ్చా?

వంటపొయ్యి
వేరే కాగితం. బడి దరఖాస్తులో కలిపితే ఉద్యోగం కోసం గొడవ అని తోసేస్తారు.

ఆటో_స్టాండు
దరఖాస్తు తేలేలోపు పిల్లలు వెళ్లాలిగా. రవాణా భత్యం సమగ్ర శిక్ష పథకం నుంచి వస్తుంది, ఏడాదికి 6000 దాకా, నెలకి 600 చొప్పున పది నెలలు. బడి రోజుల మీద పంచితే రోజుకి పాతిక రూపాయలు. ప్రైమరీకి కిలోమీటరు దాటితేనే అర్హత. మళ్లీ ఆ 900 మీటర్ల దగ్గరే ఆగుతుంది! కాగితంలో 900 అని ఉన్నంతకాలం మీ ఊరి ఒక్క పిల్లకి కూడా పైసా రాదు. అందుకే దూరం సరిచేయించడం రెండు విధాలా లాభం. బడి నిలబడినా, నిలబడకపోయినా పనికొస్తుంది. జాబితా పంపేది కొత్త బడి హెడ్మాస్టరు, పాత బడి కాదు. డబ్బు ఆలస్యంగా వస్తుంది, ఆటో అతనికి నెలనెలా మనమే కట్టుకోవాలి.

ఆటో మాట్లాడుకునేటప్పుడు ఎంతమందో ముందే తేల్చండి. డ్రైవర్ పక్కన పిల్లల్ని కూర్చోబెట్టొద్దు, కాలవ వైపు తలుపుకి అడ్డకమ్మీ వేయించండి. సాయంత్రం ఒక పెద్దమనిషి తోడుండాలి.

గోదారి_గాలి
బస్సు ఉంటే ఆడపిల్లలకి రెండు రాష్ట్రాల్లోనూ పల్లెవెలుగులో టికెట్ లేదు, అబ్బాయిలకి పాస్ తీసుకోవాలి. బడి 9కి, బస్సు 9.40కి అయితే డిపో మేనేజర్‌కి పిల్లల సంఖ్య, ఎక్కే స్టాపు, కావాల్సిన సమయం రాసి ఇవ్వండి. ఎమ్మెల్యే లెటర్ కంటే హెడ్మాస్టర్ సంతకంతో ఉన్న పిల్లల జాబితానే త్వరగా పనిచేస్తుంది.

యూడైస్_డెస్కు
ఒక జాగ్రత్త. గొడవ తేలలేదు కదా అని పిల్లల్ని ఇంట్లో ఉంచకండి. ఆన్‌లైన్‌లో పాత బడి వాళ్లని డ్రాప్ బాక్సులోకి పంపేస్తుంది, కొత్త బడి పెన్ నంబరు (పిల్లకి ఇచ్చే శాశ్వత విద్యా నంబరు), పుట్టిన తేదీ కొట్టి అందులోంచి తీసుకోవాలి. ఈ రెండింటి మధ్య పిల్ల ఏ బడిలోనూ ఉండదు. హాజరు పడదు. తల్లికి వందనం (తల్లికి ప్రభుత్వం ఇచ్చే చదువు సాయం)కి 75 శాతం హాజరు చూస్తారు, తర్వాత చాలా తిరగాలి. కొత్త బడిలో అడ్మిషన్ పడిందా అని పెన్ నంబరుతో మీరే అడిగి చూసుకోండి. పుట్టిన తేదీ ఆధార్‌లో ఒకటి, బడి రిజిస్టర్‌లో ఒకటి ఉంటే అక్కడే ఆగిపోతుంది, పాత బడిలో ఉండగానే సరిచేయించుకోవాలి.

టీసీ ఆలస్యమైందని చేర్చుకోం అంటే విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ చూపించండి. టీసీ వెంటనే ఇవ్వాలి, ఆలస్యమైనా అడ్మిషన్ ఆపకూడదు.

పెన్నఒడ్డు
@యూడైస్_డెస్కు మరి కొత్త బడిలో చేరితే, ఒప్పుకున్నట్టేగా అనరా?

పాతజీవో
అంటారు. అందుకే చేర్చే రోజే "మా దరఖాస్తు పెండింగ్‌లో ఉంది, చదువు పోకూడదని చేరుస్తున్నాం" అని ఒక్క వాక్యం రాసి, కొత్త హెడ్మాస్టరుకి ఇచ్చి ముద్ర వేయించుకోండి. చదువూ ఆగదు, మన మాటా పోదు.

బోర్డు_సుద్ద
ఇంకో విషయం అందరికీ. ఇలాంటి గొడవ మధ్యలో ప్రైవేటు స్కూల్ వ్యాను ఊరి మధ్యకి వచ్చి ఆగుతుంది. భయంతో నలుగురు అటు వెళ్తే యూడైస్‌కి (బడుల ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డు) లెక్క తీసే సెప్టెంబర్ 30 నాటికి సంఖ్య ఇంకా తగ్గుతుంది. అప్పుడు 1, 2 తరగతులు కూడా పోతాయి. అంగన్‌వాడీలో ఐదేళ్లు నిండబోయే పిల్లల జాబితా ఇప్పుడే తీసి, వాళ్ల అమ్మలతో మాట్లాడి వచ్చే జూన్‌లో మీ బడిలోనే చేరేలా చూడండి. పిల్లలుంటేనే పై వాదనలన్నీ నిలుస్తాయి.

కాలవగట్టు
హెడ్మాస్టరు అడగ్గానే పేజీ చూపించారు, ఫోటో తీసుకున్నాను. తీర్మానం కింద ఉన్నవి ఆరు సంతకాలు. కమిటీలో తల్లిదండ్రులం 15 మందిమి. నడిచి కొలిస్తే చివరి ఇంటి నుంచి 1640 మీటర్లు వచ్చింది.

మినిట్స్_బుక్కు
15లో ఆరు అంటే సగం లేదు. ఆ ఆరుగురిలో ఒప్పుకోనివాళ్లు ఎవరో వాళ్లతో విడిగా రాయించుకోండి. కొత్త మీటింగ్ పెట్టమని కమిటీ చైర్మన్ పేరుతో హెడ్మాస్టరుకి లెటర్ ఇవ్వండి, అజెండా ఒక్కటే ఉండాలి.

పదిరూపాయలు
సోమవారం కలెక్టరేట్‌లో పీజీఆర్‌ఎస్‌కి (ప్రజా ఫిర్యాదులు తీసుకునే కార్యక్రమం) వెళ్లండి. పేజీ ఫోటో, 1640 మీటర్ల ట్రాక్ ప్రింటు, వంతెన ఫోటోలు, పిల్లల జాబితా. డీఈవో అక్కడే కూర్చుంటారు. వారం తర్వాత 1100 (ప్రభుత్వ ఫిర్యాదుల నంబరు)కి ఫోన్ చేసి, రసీదు నంబరు చెప్పి ఏమైందో అడగండి. విచారణ లేకుండానే పరిష్కారమైంది అని మూసేసి ఉంటే మళ్లీ తెరిపించమని అప్పుడే చెప్పాలి.

దూరంకొలత
ఎంఈవో మళ్లీ కొలవడానికి వస్తే మీరూ పక్కన నడవండి. బండి మీద కాకుండా నడిచే దారిలో, చివరి ఇంటి నుంచి. కొలిచాక అక్కడే కాగితం మీద అంకె రాయించి ఇద్దరూ సంతకం పెట్టండి.